బూత్ దగ్గరికి రావాలి, లెక్క బయటికి పోకూడదు

ఎన్నికలయ్యాక ఫారం 20 అని ఒక కాగితం వస్తుంది. ఏ నియోజకవర్గంలో, ఏ పోలింగ్ బూత్‌లో, ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో బూత్ నంబరుతో సహా అందులో ఉంటుంది. రాష్ట్ర ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. పట్నంలో ఉన్నవాళ్ళు దీన్ని పారదర్శకత అంటారు. మా నాతవరం మండలం కొండవార గూడేలకి మాత్రం అది ఊరి గుట్టు బయటపెట్టే కాగితం.

ఎందుకో చెప్తాను. నర్సీపట్నం టౌన్లో ఒక బూత్ అంటే నాలుగైదు వీధులు, పది కులాలు, వెయ్యికి దగ్గరగా ఓటర్లు. ఏ ఇంటివాళ్ళు ఎటు వేశారో పసిగట్టడం కష్టం. కొండ మీద అలా కాదు. రెండు మూడు గూడేలు కలిస్తే ఒక బూత్. అందులో అందరూ ఒకరికొకరు చుట్టాలు, ఒకే తెగ. లెక్కింపు రోజు మధ్యాహ్నానికల్లా కింద ఊళ్ళో ఉన్న నాయకుడి చేతికి చీటీ వచ్చేస్తుంది. ఈ బూత్‌లో మనకిన్ని, వాళ్ళకిన్ని. ఇంక అక్కడి నుంచి ఐదేళ్ళు ఆ చీటీయే మాట్లాడుతుంది. బోరు కావాలని వెళ్తే "మీరు మాకు వేయలేదు కదా, వేసినోళ్ళనే అడగండి" అంటారు. ఇల్లు శాంక్షన్ అడిగితే అదే మాట. రోడ్డు అడిగినా అదే మాట.

సివిక్స్ పుస్తకంలో రహస్య ఓటు అని చదువుకున్నాం. మనిషికి రహస్యం ఉంది, నిజమే. గూడేనికి లేదు. మా పెద్దవాళ్ళు "ఓటు ఎవులికేసినా మిషను చెప్పేత్తాది నాయనా" అంటే చదువుకున్న కుర్రోళ్ళం నవ్వుతాం. మిషన్‌లో వెనకాల కెమెరా ఉందనుకుంటున్నారు పాపం అని. కానీ వాళ్ళ మాటలో నిజం ఉంది. ఒక్కొక్కరి పేరు చెప్పదు గానీ, మిషను గూడెం పేరు చెప్పేస్తుంది.

దేశంలో ఎన్నికల సంస్కరణలంటే టీవీలో ఒకటే గొడవ. ఈవీఎంలా, బ్యాలెట్ పేపరా? జమిలి ఎన్నికలా, విడివిడిగానా? అవి చిన్న విషయాలని నేననను. కానీ ఈ గొడవలో ఎక్కడా మా గూడెం కనపడదు. అందుకే మన వైపు నుంచి ఏం మారాలో మనమే రాసుకోవాలి.

ముందు లెక్కింపు సంగతి. బ్యాలెట్ పేపర్ల రోజుల్లో దీనికి ఒక మందు ఉండేది. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 59ఏ అని ఒక నియమం. ఫలానా చోట ఓటర్లను బెదిరిస్తారని, తర్వాత కక్ష తీర్చుకుంటారని కమిషన్‌కి అనిపిస్తే, వేర్వేరు బూత్‌ల బ్యాలెట్ పేపర్లను ఒకచోట పోసి, కలిపేసి, అప్పుడు లెక్కపెట్టమనొచ్చు. ఈవీఎం వచ్చాక ఆ కలపడం పోయింది. ప్రతి మిషనూ తన లెక్క తాను చెప్పేస్తుంది.

దీనికి విరుగుడుగా టోటలైజర్ అనే పరికరం ఉంది. 14 ఈవీఎంలను కలిపి ఒకే మొత్తం చూపిస్తుంది. ఏ మిషన్‌లో ఎన్నో విడిగా తెలీదు. ఈ ప్రతిపాదనను ఎన్నికల కమిషనే 2008లో కేంద్రం ముందు పెట్టింది. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో పెట్టమని సిఫారసు చేసింది. కేంద్రం ఒప్పుకోలేదు. బూత్ వారీగా తెలిస్తేనే తమకు ఎక్కడ ఓట్లు తక్కువొచ్చాయో చూసుకుని నాయకులు అక్కడ ఎక్కువ పనిచేస్తారని వాదన! ఈ వాదన మా గూడెంలో చదివి వినిపిస్తే వారం రోజులు నవ్వుకుంటారు. ఓట్లు తక్కువొచ్చాయని మా గూడేనికి ఎవరైనా రోడ్డేస్తే, మర్నాటి నుంచి మేమందరం అవతలి పార్టీకే వేస్తాం.

ఈ బెదిరింపు మన ఒక్కరి బాధ కూడా కాదు. 2019లో ఉత్తరప్రదేశ్‌లో అప్పటి కేంద్రమంత్రి మేనకా గాంధీ, వచ్చిన ఓట్లను బట్టి ఊళ్ళను ఏ, బీ, సీ, డీ అని విడగొట్టి ఆ వరసలోనే పనులు చేస్తామని సభలోనే అన్నారు. అందరూ ఆమెను తిట్టారు. నిజానికి ఆమె చేసిందల్లా మన దగ్గర ప్రతి మండలంలో నోటితో చెప్పకుండా చేసే పనిని మైకులో చెప్పడమే.

డబ్బు సంగతి కూడా ఇక్కడే ఉంది. ఆదివాసులు సారాకీ, నోటుకీ ఓటు అమ్ముకుంటారని పట్నం వాళ్ళు తేలిగ్గా అనేస్తారు. ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. అపార్ట్‌మెంట్లలో, కాలనీల్లో కవర్లు పంచిన వీడియోలు ప్రతి ఎన్నికకీ చూస్తూనే ఉన్నాం కదా. అది వదిలేయండి. డబ్బు ఎలా పనిచేస్తుందో చూడండి. అభ్యర్థి నేరుగా మన ఇంటికొచ్చి ఇవ్వడు. మధ్యలో ఒక మనిషి ఉంటాడు. "ఆ బూత్ నాకు వదిలేయండి, ఇన్ని ఓట్లు తెస్తాను" అని గుత్తకి తీసుకుంటాడు. పెట్టిన డబ్బుకి ఓట్లు పడ్డాయో లేదో పార్టీ ఎలా తెలుసుకుంటుంది? ఆ ఫారం 20తోనే. అదే వాళ్ళ రసీదు. 14 బూత్‌లు కలిపి లెక్కపెడితే ఆ రసీదు చిరిగిపోతుంది. గుత్తదారుడు ఏం తెచ్చాడో, ఏం మింగాడో పార్టీకి తెలీదు. డబ్బు ఒక్క దెబ్బకి ఆగిపోతుందని చెప్పను. కానీ సరుకు అందిందో లేదో తెలీని బేరానికి ఎవడూ ఎక్కువ పెట్టడు.

అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు దాటకూడదని 2022 నుంచి పరిమితి. పార్టీకి మాత్రం పరిమితే లేదు. ఇంటి తలుపుకి తాళం వేసి గోడ పడగొట్టి ఉంచినట్టు. ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేశాక ఎవరెవరు కొన్నారో జాబితా బయటికొచ్చింది. అందులో వేదాంత లాంటి గనుల కంపెనీ కూడా ఉంది. గనులు ఎక్కడుంటాయో, అక్కడ ఎవరుంటారో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మన మండలంలోనే సుందరకోట పంచాయతీ భమిడిక దగ్గర లేటరైట్ తవ్వకాలూ, అడవిలోంచి వేసిన లారీల రోడ్డూ 2021లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళాయి. మట్టి దిగడానికి రోడ్డు దొరుకుతుంది. గర్భిణి దిగడానికి డోలీయే.

ఇక దూరం. కమిషన్ పద్ధతి ప్రకారం ఓటరు మామూలుగా 2 కిలోమీటర్లకు మించి నడవాల్సిన పని ఉండకూడదు. అరుణాచల్‌ప్రదేశ్‌లో మలోగాం అనే చోట ఒకే ఒక్క ఓటరు కోసం 2024లో బూత్ పెట్టారు. సిబ్బంది కొండలెక్కి నడిచి వెళ్ళారు. గుజరాత్ గిర్ అడవిలో బాణేజ్ గుడి పూజారి ఒక్కడి కోసం ప్రతిసారీ బూత్ పెట్టేవారు. పేపర్లన్నీ ఆ ఫోటోలు వేసి ప్రజాస్వామ్యం గొప్పది అని రాశాయి. గొప్పదే, కాదనను. మరి ముప్పై నలభై ఇళ్ళున్న మన గూడేలవాళ్ళు గెడ్డలు దాటి, ఐదారు కిలోమీటర్లు దిగి, మళ్ళీ ఎక్కాలా? మే నెల ఎండ. జీడిపిక్కల ఏరుడు రోజులు. ఒక పూట పోతే ఆ పిక్క వానకి నల్లబడుతుంది, లేదా వేరేవాడు ఏరుకుపోతాడు. ఓటు రోజు కూలీతో సెలవు ఇవ్వాలని చట్టంలో 135బి సెక్షన్ ఉంది. జీడితోటకి ఆ సెక్షన్ ఎవరు చదివి వినిపిస్తారు?

నడవలేని ముసలోళ్ళ కోసం పార్టీవాళ్ళు ఆటో, జీపు పంపుతారు. అభ్యర్థి బండి పెట్టి ఓటర్లను తోలడం చట్టం ప్రకారం అవినీతి చర్య, 123(5) సెక్షన్. కానీ వేరే బండి లేనప్పుడు ఏం చేస్తారు? ఎవడి బండెక్కితే వాడి మొహం చూసి వేయాల్సిందే కదా. 2024లో 85 ఏళ్ళు దాటినవాళ్ళకి, 40 శాతం వైకల్యం ఉన్నవాళ్ళకి ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు ఇచ్చారు. మంచి పని. కానీ కొండ మీద 85 ఏళ్ళు బతికినవాళ్ళు ఎంతమంది? బతికినా ఆ వయసు కాగితంలో ఎక్కడుంది? వైకల్యానికి సదరం సర్టిఫికెట్ కావాలి, దానికి కిందికి దిగి క్యాంపుల చుట్టూ తిరగాలి. నడవలేనివాడు నడవలేనని నిరూపించుకోడానికి నడవాలన్నమాట.

పక్కనే పాడేరు, అరకు, రంపచోడవరంలో ఇంకో రకం. 2024 మే 13న రాష్ట్రంలో 169 నియోజకవర్గాల్లో సాయంత్రం 6 దాకా ఓటు వేశారు. ఆ మూడు చోట్ల 4 గంటలకే ముగించారు. సాలూరు, కురుపాం, పాలకొండల్లో 5 గంటలకి. ఎక్కువ దూరం నడిచేవాడికి తక్కువ టైం. భద్రత కోసం అంటారు. భద్రత పేరుతోనే ఏజెన్సీలో ఏళ్ళ తరబడి పై ఊళ్ళ బూత్‌లను కిందికి దించారు. అయినా మనవాళ్ళు వెళ్ళి వేశారు. వెళ్ళినవాళ్ళలో చాలామంది నోటా నొక్కారు. అరకు లోక్‌సభ స్థానంలో 2024లో నోటాకి 50 వేలు దాటి పడ్డాయి. గుర్తులు తెలీక నొక్కారని కొందరు పెద్దలు విశ్లేషించారు. అంత దూరం నడిచిన మనిషికి తాను ఏం నొక్కుతున్నాడో తెలీదని అంత ధీమాగా ఎలా చెప్తారో నాకర్థం కాదు. గుర్తులు తెలీక నొక్కినవాళ్ళూ ఉండొచ్చు, కోపంతో నొక్కినవాళ్ళూ ఉండొచ్చు. ఎవరైనా వెళ్ళి అడిగారా?

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వస్తున్నాను. బూత్‌ని గూడెం దగ్గరికి తెమ్మని మనం అడుగుతున్నాం. దగ్గరికి తెస్తే బూత్ చిన్నదవుతుంది. వంద, నూటయాభై ఓట్లు. బూత్ చిన్నదైన కొద్దీ గుట్టు ఇంకా బయటపడుతుంది. అంటే దూరం తగ్గిస్తే బెదిరింపు పెరుగుతుంది. బూత్ దూరంగా పెద్దగా ఉంటే గుట్టు దాగుతుంది గానీ ముసలోళ్ళు ఓటుకి దూరమవుతారు. అందుకే ఈ రెండు డిమాండ్లనీ విడదీయకూడదని నా గట్టి అభిప్రాయం. బూత్ దగ్గరికి రావాలి, లెక్క మాత్రం పది బూత్‌లతో కలిసిపోవాలి. ఒకటి అడిగి ఇంకోటి మర్చిపోతే మనమే మన మెడకి తాడు తగిలించుకున్నట్టు.

లెక్క కలిపేస్తే రిగ్గింగ్ ఎలా పట్టుకుంటాం అని మన స్నేహితులే అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మాచర్లలో పాల్వాయి గేటు బూత్‌లో ఈవీఎంని నేలకేసి కొట్టిన వీడియో చూసినవాళ్ళకి ఆ భయం ఉండాలి కూడా. కానీ ఒక బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పోలయ్యాయో ఫారం 17సీలో ఉంటుంది. పోలింగ్ ముగిసిన సాయంత్రమే ఏజెంట్లకి కాపీ ఇవ్వాలి. అది అలాగే ఉండనివ్వండి. 14 మిషన్ల 17సీ మొత్తం, టోటలైజర్ మొత్తం సరిపోవాలి, అంతే. దాచాల్సింది ఎన్ని ఓట్లు పడ్డాయన్నది కాదు, ఎవరికి పడ్డాయన్నది. వీవీప్యాట్ చీటీలు సరిచూసే 5 బూత్‌లున్నాయి కదా నియోజకవర్గానికి, అక్కడ విడి లెక్క తప్పదు. ఆ ఐదింటినీ పెద్ద బూత్‌లలోంచి లాటరీ తీస్తే సరి. దేశమంతా ఒకేసారి పెట్టక్కర్లేదు. 500 లోపు ఓటర్లున్న బూత్‌లకి ముందు పెట్టి చూడమని అడుగుదాం.

ఇదంతా పేరు జాబితాలో ఉంటేనే. పేరు లేనివాడికి బూత్ దగ్గరైతే ఏం, దూరమైతే ఏం. ఓటర్ల జాబితాతో ఆటలు మనకు కొత్త కాదు. 2018 డిసెంబరులో తెలంగాణలో చాలామంది బూత్‌కి వెళ్ళి పేర్లు లేవని తెలుసుకున్నారు, అక్కడి ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పాల్సొచ్చింది. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో పేర్లు తీసేయమని ఫారం 7లు లక్షల్లో వచ్చిపడ్డాయి. తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నికలో అధికారి లాగిన్‌తో వేలకొద్దీ ఓటరు కార్డులు డౌన్‌లోడ్ చేసిన వ్యవహారంలో ఒక ఐఏఎస్ అధికారిని 2024 జనవరిలో సస్పెండ్ చేశారు. అంటే ఉన్నవాళ్ళని తీసేయడమూ ఉంది, లేనివాళ్ళని పుట్టించడమూ ఉంది.

2025లో బీహార్‌లో ప్రత్యేక సమగ్ర సవరణ పెట్టారు. ఆగస్టు 1న ముసాయిదా జాబితా వచ్చేసరికి సుమారు 65 లక్షల పేర్లు లేవు. తీసేసిన పేర్లు, కారణాలు బయటపెట్టమని సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. ఆధార్‌ని కూడా చూడమని మళ్ళీ కోర్టే చెప్పింది. ఈ సవరణ దేశమంతటా చేస్తామని కమిషన్ 2025 జూన్ 24 ఉత్తర్వులోనే రాసింది. కాబట్టి మనం ముందే ఆలోచించుకోవాలి. అక్కడ అడిగిన 11 పత్రాల్లో అటవీ హక్కుల పత్రం, కుల ధ్రువీకరణ పత్రం ఉన్నాయి. వినడానికి మనకోసమే పెట్టినట్టుంది. కానీ మన నాన్-షెడ్యూల్డ్ గూడేల్లో పట్టా దరఖాస్తులు ఏళ్ళుగా తేలక పడి ఉన్నవి ఎన్ని? కుల సర్టిఫికెట్ అడిగితే "మీరు ఏజెన్సీ కాదు కదా, విచారణ చేయాలి" అని తిప్పుతారు. పుట్టిన తేదీ కాగితం లేని పిల్లలు, ఆ కాగితం లేక ఆధార్ రాని పిల్లలు, రేపు 18 నిండి ఓటర్లు కావాలి.

ఇంకో మెలిక ఉంది. పాత జాబితాలో నీ పేరో, నీ తల్లిదండ్రుల పేరో చూపించమంటారు. బీహార్‌లో 2003 జాబితా పెట్టారు. మన కొండవార గూడేల్లో చాలా కుటుంబాలు చింతపల్లి, గూడెంకొత్తవీధి, కొయ్యూరు వైపు నుంచి పోడు కోసం, పనికోసం దిగినవి. వాళ్ళ అమ్మానాన్నల పేర్లు అప్పట్లో చింతపల్లి అసెంబ్లీ జాబితాలో ఉండొచ్చు. 2008 పునర్విభజనలో ఆ నియోజకవర్గమే పోయింది, పాడేరులో కలిసింది. 2022 ఏప్రిల్‌లో జిల్లా కూడా విడిపోయింది. వాళ్ళది అల్లూరి సీతారామరాజు జిల్లా, మనది అనకాపల్లి. లేని నియోజకవర్గంలో, వేరే జిల్లాలో, ఇంటిపేరు రెండు రకాలుగా రాసిన జాబితాలో తన తండ్రి పేరు వెతుక్కోమంటే చదువురాని మనిషి ఎక్కడికి పోతాడు? నిరూపించుకునే బరువు ఓటరు మీద వేయకూడదు. గూడెంలో సభ పెట్టి, అందరి ముందూ పేర్లు చదివి, ఎవరు ఉన్నారో ఎవరు పోయారో ఊరే చెప్పాలి. పేరు తీసేయాలంటే ఆ మనిషికి నోటీసు చేతికివ్వాలి, చదివి చెప్పాలి.

పింఛన్లు, పథకాల భయం ఒకటి మిగిలింది. 50 ఇళ్ళకొక వాలంటీరు ఉన్న రోజుల్లో ఎవరింట్లో ఏముందో, ఎవరేమనుకుంటున్నారో అన్నీ ఒకరికి తెలిసేవి. 2024 మార్చి 30న వాలంటీర్లతో డబ్బు పంచవద్దని కమిషన్ చెప్పింది. ఆ మాట సరైనదే. కానీ ప్రత్యామ్నాయం లేకుండా చెప్పడంతో ఆ ఎండల్లో సచివాలయాలకీ, బ్యాంకులకీ నడిచింది ముసలోళ్ళే. నియమం మంచిదైనా అమలు చేసేవాడికి కొండ కనపడకపోతే ఇలాగే ఉంటుంది. సీ-విజిల్ యాప్ కూడా అంతే. ఫిర్యాదు పెడితే 100 నిమిషాల్లో చర్య అంటారు. మాకు సిగ్నల్ దొరికే చెట్టు దగ్గరికి నడవడానికే అందులో సగం పోతుంది.

కమిషనర్లను ఎవరు నియమిస్తారన్నది మనకు సంబంధం లేని ఢిల్లీ ఊసు అనుకోవద్దు. 2023 మార్చిలో సుప్రీంకోర్టు ప్రధాని, ప్రతిపక్ష నేత, ప్రధాన న్యాయమూర్తి కలిసి ఎంపిక చేయాలంది. అదే ఏడాది డిసెంబరులో కొత్త చట్టం తెచ్చి న్యాయమూర్తి కుర్చీలో ఒక కేంద్రమంత్రిని కూర్చోబెట్టారు. ముగ్గురిలో ఇద్దరు ఒకే వైపు. టోటలైజర్ లాంటిది అధికారంలో ఉన్నవాళ్ళకి ఇష్టం లేకపోయినా పట్టుబట్టి అడిగే కమిషన్ కావాలంటే, ఆ కమిషన్ వాళ్ళ దయ మీద రాకూడదు.

నర్సీపట్నం జనరల్ సీటు. మన ఓట్లు మైదానం ఓట్లలో చెంచాడు. అల్లూరి సమాధికి కృష్ణదేవిపేటలో దండ వేసిన చేత్తోనే మనకు దణ్ణం పెట్టి వెళ్ళిపోతారు. ఐదో షెడ్యూల్‌లో మన ఊళ్ళు కలిపే దాకా గ్రామసభకి పెసా బలం కూడా లేదు. ఆ పోరాటం ఎలాగూ ఆగదు. దానితోపాటే ఈ పని మొదలుపెడదాం.

ప్రతి గూడెంలో ఇద్దరు చదువుకున్న పిల్లలు ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఇంటింటికీ వెళ్ళి 17 ఏళ్ళు దాటిన ప్రతి మనిషి పేరు, జాబితాలో ఉందా లేదా, అక్షరం తప్పుందా, బూత్ ఎంత దూరం, దారిలో గెడ్డ ఉందా, 2002 ప్రాంతంలో ఆ కుటుంబం ఏ ఊళ్ళో ఉండేది, ఇవన్నీ రాయండి. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు 1వ తేదీలకు 18 నిండేవాళ్ళు ముందుగానే ఫారం 6 పెట్టుకోవచ్చు. తప్పులకి ఫారం 8. రెండు కిలోమీటర్లు దాటిన గూడేలన్నీ కలిపి బూత్ కోసం ఒకే అర్జీ రాసి, అదే అర్జీలో లెక్క కలిపి చేయమన్న మాట కూడా పెట్టి కలెక్టర్‌కి ఇద్దాం, కాపీ రాష్ట్ర ఎన్నికల అధికారికి పంపుదాం. బీఎల్వోకి ఏ కాగితం ఇచ్చినా రసీదు అడగండి. రసీదుని ఫోటో తీసి పెట్టుకోండి, కాగితం వానాకాలంలో నానిపోతుంది.